రాయలసీమ పాస్టర్ అయ్యగార్లకు: రెండు వర్గాల ఇళ్ళకూ వెళ్ళండి

కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప జిల్లాల్లో సంఘాలు నడుపుతున్న పాస్టర్ అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అమ్మగార్లకు ప్రభువు నామంలో వందనాలు.

నేను కర్నూలు వాడిని. నాన్న వైపు బాప్టిస్టులం, అమ్మ వైపు వాళ్ళు తుంగభద్ర అవతల గద్వాల దగ్గర మెనోనైట్ బ్రదరెన్ సంఘం వాళ్ళు. మీలో చాలామందికి నేను తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఒక్క విషయం అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నా. వచ్చే జనవరిలో ఒక ఆదివారం మనమంతా, అంటే బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్ళు, లూథరన్లు, బ్రదరెన్, పెంతెకోస్తు, ఎవరైనా సరే, ఒకచోట చేరి సమాధాన ఆదివారం, అంటే శాంతి కోసం ఒక ఆదివారం, జరుపుకుందాం. ఆ ఆదివారానికి ముందు వారంలో మీరు మీ ఊళ్ళో ఫ్యాక్షన్ కక్షలతో గొడవపడిన రెండు వర్గాల ఇళ్ళకూ వెళ్ళాలి. ఒక వర్గం ఇంటికే వెళ్ళి రావడం కాదు, ఇద్దరి గడపా తొక్కాలి. నేను అడిగేది ఇదే, మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పుకోవడం.

జనవరే ఎందుకంటే, జనవరి 21కి దగ్గర్లో వచ్చే ఆదివారం ప్రపంచమంతా ఉన్న మెనోనైట్ సంఘాలు, వాళ్ళ చుట్టాల్లాంటి ఇతర అనబాప్టిస్టు (నమ్మాకే బాప్తిస్మం తీసుకోవాలనే) సంఘాలు కలిసి సహవాస ఆదివారం జరుపుకుంటాయి. 1525 జనవరి 21న స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్ ఇంట్లో కొద్దిమంది కూడి, పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం చాలదు, నమ్మి తీసుకోవాలి అని ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. ఇందులో ప్రమాదమేముంది అని మనకు ఇప్పుడు అనిపిస్తుంది, మన సంఘాల్లో సగం మంది అలాగే తీసుకున్నాం కదా. అప్పట్లో మాత్రం ప్రభుత్వమూ సంఘమూ ఒకటే. రెండేళ్ళు తిరక్కముందే, 1527 జనవరిలో, ఆ ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. చంపించింది అన్యమతస్థులు కాదు, రోమును వదిలి సంస్కరణ బాట పట్టిన జూరిక్ నగర సభ. తర్వాత కొన్నేళ్ళకు, 1536లో, హాలండ్ దేశంలో మెన్నో సైమన్స్ అనే కాథలిక్ ప్రీస్టు తన పదవి వదులుకుని, చెల్లాచెదురైన ఈ జనాన్ని కూడగట్టి, కత్తి పట్టొద్దని పదేపదే నేర్పించాడు. ఆయన పేరు మీదే వీళ్ళను మెనోనైట్లు అంటారు.

వీళ్ళ చరిత్రలో ఒక సంఘటన మన సీమలో ప్రతి సండే స్కూల్లోనూ చెప్పాలని నా కోరిక. 1569లో హాలండ్‌లోని ఆస్పెరెన్ అనే ఊళ్ళో డిర్క్ విలెమ్స్ అనే విశ్వాసి చెర నుంచి తప్పించుకుని గడ్డకట్టిన నీటి మీదుగా పరిగెత్తుతున్నాడు. జైలు కూడు తిని బక్కచిక్కిన మనిషి కాబట్టి మంచు పలక అతన్ని మోసింది. వెనకాల తరుముతున్న భటుడు బరువుగా ఉన్నాడు, మంచు పగిలి నీళ్ళలో పడ్డాడు. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని బయటికి లాగాడు. అలా లాగినందుకే పట్టుబడ్డాడు, ఆ ఏడాదే అతన్ని సజీవంగా కాల్చేశారు. నా చిన్నప్పుడు అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా "వాడు ఎందుకు వెనక్కి వచ్చాడమ్మా?" అని అడిగేవాణ్ణి. ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు, "వచ్చాడు అంతే" అనేది.

సరే, మెనోనైట్లు ఎక్కడో విదేశాల వాళ్ళు కదా, మనకెందుకు అని మీలో ఎవరైనా అనుకుంటే, మన ఊరి బ్రిడ్జి దాటితే వాళ్ళ సంఘాలే. 1889లో ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ దంపతులు నల్గొండకు వచ్చింది మన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌తో కలిసి పని చేయడానికే. కర్నూల్లో కోల్స్ మెమోరియల్ బడి పెట్టింది కూడా ఆ మిషనే, అంటే కర్నూలు బాప్టిస్టులకూ పాలమూరు మెనోనైట్లకూ వరస మొదట్నుంచీ ఉంది. తర్వాత అమెరికా నుంచి వచ్చిన వాళ్ళు హైదరాబాద్ హ్యూస్‌టౌన్‌లో, శంషాబాద్‌లో, మహబూబ్‌నగర్, వనపర్తి, దేవరకొండ, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, గద్వాల, జడ్చర్లలో సంఘాలు, బళ్ళు, ఆసుపత్రులు కట్టారు. 1907లో వచ్చిన డాక్టర్ కేథరినా షెల్లెన్‌బర్గ్ అనే ఆవిడ 1945లో శంషాబాద్‌లో చనిపోయేదాకా ఇక్కడి ఆడవాళ్ళకు వైద్యం చేస్తూనే ఉన్నారు. ఇవన్నీ మన పెద్దవాళ్ళు కృతజ్ఞతతో చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ ఆసుపత్రి, బడి, పాటల పుస్తకం మనకు చేరినంత బలంగా వాళ్ళ సమాధాన బోధ మనకు చేరలేదని నా బాధ. నది ఆ గట్టునా ఈ గట్టునా నేను విన్న ప్రసంగాల్లో రక్షణ గురించి, స్వస్థత గురించి, కానుక గురించి ఎంతో విన్నాను, శత్రువును ప్రేమించడమంటే సోమవారం పొద్దున్న ఏం చేయాలో చెప్పినవి మాత్రం చాలా తక్కువ.

ఇక ప్రపంచంలో వాళ్ళు ఎలా కలుస్తారో చూడండి. మెనోనైట్ వరల్డ్ కాన్ఫరెన్స్ 1925లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మొదలైంది. అప్పుడు దాదాపు అందరూ యూరపు వాళ్ళే. ఇప్పుడు దాదాపు 60 దేశాల సంఘాలు అందులో ఉన్నాయి, సభ్యుల్లో ఎక్కువ మంది ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా వాళ్ళు, జనరల్ సెక్రటరీ సీజర్ గార్సియా గారు కొలంబియా మనిషి. ఆరేడేళ్ళకోసారి పెద్ద సభ పెడతారు. 1997లో మన కలకత్తాలో జరిగింది, తర్వాత జింబాబ్వేలోని బులవాయోలో, పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో, అమెరికాలోని హారిస్‌బర్గ్‌లో, 2022లో ఇండోనేషియాలో. ప్రతి సభకూ రకరకాల దేశాల పాటలతో ఒక పాటల పుస్తకం తయారు చేస్తారు, జర్మనీ ముసలాయన కాంగో పాటకు చప్పట్లు కొట్టడం నేర్చుకోవాలి, కాంగో పిల్ల జావా బాణీ నేర్చుకోవాలి. మనమేమో పక్క వీధి సంఘం వాళ్ళ పాట మన ఆరాధనలో పాడితే పెద్దల కమిటీలో గొడవ పెడతాం!

జనవరి ఆదివారానికి ఒక్కో ఏడాది ఒక్కో ఖండం వాళ్ళు వాక్యాలు, ప్రార్థనలు, పాటలు సిద్ధం చేసి అందరికీ పంపుతారు. ఆ రోజు కానుక విషయంలో నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఒకటుంది. ఒక్కో సభ్యుడు తన ఊళ్ళో ఒక పూట మధ్యాహ్న భోజనానికి ఎంతవుతుందో అంత వేయాలని అడుగుతారు. కెనడా వాడు కెనడా భోజనం ఖరీదు వేస్తాడు, ఆదోనిలో పత్తి తీసే అక్క తన సంగటి, పప్పు ఖరీదు వేస్తుంది, లెక్కలో ఇద్దరూ ఒక్క భోజనమే ఇచ్చినట్టు. ఎవరూ దాత కాదు, ఎవరూ బిచ్చగాడు కాదు. పైనుంచి ఫండ్స్ వస్తాయా అని ఎదురు చూసే అలవాటు మన సంఘాలకు పట్టుకుంది కాబట్టి ఇది మరీ నచ్చింది నాకు.

ఇప్పుడు అసలు సంగతి. అయ్యగార్లూ, ఫ్యాక్షన్ గురించి మనం గుళ్ళో మాట్లాడం. తగ్గిపోయింది కదా అంటారు. ఒకప్పటిలా పట్టపగలు నాటుబాంబులు పేలడం తగ్గిన మాట నిజమే, అందుకు దేవునికి స్తోత్రం. అయితే బాంబులు ఆగినంత మాత్రాన పగ ఆగలేదు. ఊళ్ళో రెండు హోటళ్ళు, రెండు రచ్చబండలు, పెళ్ళికి పిలుపుల్లో రెండు లిస్టులు అలాగే ఉన్నాయి. ఎలక్షన్ వచ్చిందంటే తల్లులకు మళ్ళీ టెన్షన్ మొదలు.

పత్తికొండ వైపు ఒక ఊరి గుడిలో నేను కళ్ళారా చూసింది చెబుతాను. చిన్న గుడి, రేకుల కప్పు, కింద చాపలు. ఎడమ పక్క ఒక వర్గం ఇళ్ళ వాళ్ళు, కుడి పక్క రెండో వర్గం. మధ్యలో మనిషి నడిచేంత సందు. ఆ సందులో పసిపిల్లలు కూడా కూర్చోరు. బల్ల, అంటే ప్రభు భోజనం, ఇచ్చే సమయానికి అయ్యగారు ముందు ఎడమ వైపు వాళ్ళకు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చారు, వాళ్ళు లేచి పక్క తలుపు గుండా బయటికి వెళ్ళిపోయారు, చెప్పులు వేసుకుని వీధి మలుపు తిరిగేదాకా ఆగి అప్పుడు కుడి వైపు వాళ్ళకు ఇచ్చారు. ఎవరూ ఒక మాట అనలేదు, అంత అలవాటైపోయింది. ఎడమ వైపు మొదటి వరసలో కొడుకును పోగొట్టుకున్న అవ్వ ఒకామె, కుడి వైపు అదే కేసులో కొడుకు జైలుకు పోయిన అవ్వ ఇంకొకామె. ఇద్దరికీ వయసు మీదపడింది, ఇద్దరి చేతులూ వణుకుతున్నాయి, ఇద్దరూ ఒకే బావి నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళు. ఆ ఇద్దరూ కలిసి ఒక్కసారి బల్ల తీసుకోవడం చూడాలని నాకుంది, నేను ఇంత పట్టుబట్టి రాయడానికి సగం కారణం వాళ్ళే.

అక్కడి అయ్యగారిని నేను తప్పు పట్టడం లేదు. ఆయన బియ్యం మూట ఎవరింటి నుంచి వస్తుందో, గుడికి కరెంటు మీటరు ఎవరు వేయించారో మీ అందరికీ తెలిసిందే. కానీ ఈ పద్ధతి సీమలో ఒక్క ఊళ్ళో ఉన్నది కాదు. క్రిస్మస్ కేకు ఒక వర్గం నాయకుడితోనే కోయిస్తాం. చావు జరిగితే ఒక ఇంటికే వెళ్ళి ఆదరణ కూడిక పెడతాం, రెండో ఇంటి ముందు నుంచి బండి ఆపకుండా పోతాం. నాయకుడి కొత్త స్కార్పియోకు ప్రార్థన చేసి నూనె రాస్తాం. ఆ బండిలో ఎవరు ఎక్కి ఎక్కడికి పోతారో మనకు తెలియదా?

ఇంకొక మాట, నొప్పిగా ఉన్నా అనాలి. ఫ్యాక్షన్‌లో నాయకులు రెడ్లు కావచ్చు, నాయుళ్ళు కావచ్చు, వాళ్ళ వెంట కత్తి, బాంబు సంచి మోసే వాళ్ళలో మన సంఘాల మాల, మాదిగ పిల్లలు ఎంతమంది ఉన్నారో మన బాప్తిస్మం రిజిస్టర్లు తీసి చూసుకుంటే తెలుస్తుంది. చచ్చేదీ మన పిల్లలే, జైలుకు పోయేదీ మన పిల్లలే. నాయకుడి పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో చదువుకుంటారు. కత్తి పట్టొద్దు అని మీరు పుల్పిట్ మీద నుంచి ఒక్క మాట గట్టిగా అంటే అది ఏదో సిద్ధాంతం చెప్పినట్టు ఉండదు, మన ఇంటి పిల్లల ప్రాణం కాపాడినట్టు ఉంటుంది. మెనోనైట్లలో చాలామంది ప్రపంచ యుద్ధాల్లో తుపాకీ పట్టమని ప్రభుత్వాలు అడిగితే పట్టం అన్నారు, రెండో ప్రపంచ యుద్ధమప్పుడు అమెరికాలో వాళ్ళ యువకులు వేల మంది యుద్ధానికి బదులు అడవుల్లో మంటలు ఆర్పారు, పిచ్చాసుపత్రుల్లో రోగుల సేవ చేశారు. అంత పెద్ద ప్రభుత్వానికి కాదని చెప్పగలిగితే మండల స్థాయి నాయకుడికి కాదని చెప్పడం మన పిల్లలకు నేర్పలేమా?

"రాజీ చేయమంటున్నావా?" అని మీరు అడుగుతారని తెలుసు. కాదు. మన సీమలో రాజీ అంటే ఏమిటో అందరికీ తెలుసు, పెద్దమనుషులు కూర్చుని ఇంత డబ్బు అని తేల్చి, సాక్షి కోర్టులో మాట మార్చి, చనిపోయిన వాడి పెళ్ళాం నోరు మూసుకుని ఇంటికి పోవడం. అది సమాధానం కాదు, అన్యాయం మీద సున్నం కొట్టడం. మెనోనైట్లు చేసిన పని వేరు. కెనడాలోని ఎల్మైరా అనే ఊళ్ళో 1974లో ఇద్దరు కుర్రాళ్ళు తాగిన మత్తులో ఒక్క రాత్రి 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు, కార్ల టైర్లు కోశారు, కిటికీలు పగలగొట్టారు. కోర్టులో నేరం ఒప్పుకున్నారు. మార్క్ యాంట్జీ అనే మెనోనైట్ ప్రొబేషన్ ఆఫీసరు, ఆయన తోటి పనివాడు ఇంకొకాయన కలిసి, వీళ్ళను నష్టపోయిన వాళ్ళ ఇళ్ళకు తీసుకెళ్తే ఎలా ఉంటుంది అని జడ్జిగారిని అడిగారు. జడ్జి సరేనన్నాడు. ఆ కుర్రాళ్ళు ఒక్కో గడప తొక్కి, తలుపు కొట్టి, నేనే ఆ పని చేశాను అని చెప్పి, ఎంత నష్టమైందో విని, కొన్ని నెలల్లో ఆ డబ్బు కట్టారు. కేసు మాఫీ కాలేదు, సాక్షి మాట మార్చలేదు, నిజం దాచలేదు. ఇవాళ ఎన్నో దేశాల కోర్టుల్లో బాధితుల్నీ నేరం చేసిన వాళ్ళనూ ఎదురెదురుగా కూర్చోబెట్టే పద్ధతి ఉందంటే అందులో ఎల్మైరా పాత్ర చాలా ఉంది.

చంపినంత పెద్ద నేరానికి ఇవన్నీ పనికిరావు అంటారా? 2006 అక్టోబరు 2న అమెరికాలోని పెన్సిల్వేనియాలో నికెల్ మైన్స్ అనే చోట ఒకడు ఆమిష్ వాళ్ళ చిన్న బడిలో దూరి ఐదుగురు ఆడపిల్లల్ని కాల్చి చంపి తనూ చచ్చాడు. ఆమిష్ వాళ్ళు మెనోనైట్ల నుంచి విడిపోయిన శాఖే. ఆ సాయంత్రమే ఆ సంఘం వాళ్ళు కొందరు హంతకుడి భార్య ఇంటికి వెళ్ళారు, మీ మీద మాకు పగ లేదని చెప్పడానికి. వాడి సమాధి కార్యక్రమానికి వాళ్ళే చాలామంది వచ్చి నిలబడ్డారు. వాళ్ళకు ఏడుపు లేదని కాదు, పిల్లల్ని పోగొట్టుకున్న ఏడుపు ఏళ్ళకు ఏళ్ళు ఉంటుంది. అయినా ఆ గడప తొక్కారు. నేను మీ నుంచి అడుగుతున్నది కూడా ముందు గడప తొక్కడమే, క్షమించమని ఏ తల్లినీ తొందరపెట్టొద్దు, అది ఆమెకూ దేవునికీ మధ్య సంగతి.

సంఘాల మధ్య పాత పగలు కూడా తీరతాయి. మాంజ్ లాంటి వాళ్ళను హింసించిన పాపంలో లూథరన్ల పూర్వికులకూ వాటా ఉంది. 2010లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ సభ, దేవుడినీ మెనోనైట్లనూ క్షమాపణ అడిగింది. మన ఆంధ్ర లూథరన్ సంఘాలు కూడా ఆ ఫెడరేషన్‌లో సభ్యులే. అప్పుడు మెనోనైట్ల తరఫున జింబాబ్వే బిషప్ డానిసా ఎన్‌డ్లోవు గారు ఆ క్షమాపణ అందుకుని, పాదాలు కడిగే చెక్క తొట్టి ఒకటి వాళ్ళకు బహుమతిగా ఇచ్చారు. నాలుగు వందల ఏళ్ళు దాటిన గొడవ అది. మన ఊరి కక్ష అంతకంటే పాతదేం కాదు కదా.

మెనోనైట్లు పరిశుద్ధ దూతలని నేను చెప్పను. వాళ్ళలో చీలికలు బోలెడు, మన దేశంలో మిషన్ ఆస్తుల మీద కోర్టు కేసులు ఏ సంఘానికి లేవు గనక. వాళ్ళ పేరు మీరు పెట్టుకోవాల్సిన పని కూడా లేదు, బాప్టిస్టు బాప్టిస్టుగానే, సీఎస్ఐ సీఎస్ఐగానే ఉండొచ్చు. వాళ్ళ దగ్గర ఐదు వందల ఏళ్ళ అభ్యాసం ఉంది, అది నేర్చుకుందాం అంటున్నా.

ఇంకా ధైర్యం చాలకపోతే కప్పట్రాళ్ళ గుర్తు తెచ్చుకోండి. దేవనకొండ మండలంలో ఫ్యాక్షన్‌కు మారుపేరైన ఆ ఊరిని అప్పటి కర్నూలు ఎస్పీ ఆకే రవికృష్ణ గారు దత్తత తీసుకున్నారు. పోలీసు యూనిఫాం వేసుకున్న మనిషి బడి గురించి, పిల్లల గురించి ఆ ఊళ్ళో కూర్చుని మాట్లాడాడు. సమాధానపరచువారు ధన్యులు అనే వాక్యాన్ని గోడ మీద పెయింటు వేయించుకున్న మనం ఎన్ని ఊళ్ళను దత్తత తీసుకున్నాం?

ప్రమాదం లేదని నేను అనను. రెండో వర్గం ఇంటికి వెళ్తే మొదటి వర్గం బియ్యం మూట ఆగొచ్చు, బెదిరింపు ఫోన్ రావొచ్చు. అందుకే ఒంటరిగా వెళ్ళొద్దు. ఇద్దరు పాస్టర్లు, వేరే వేరే సంఘాల వాళ్ళు, ఇంకా ఇద్దరు అమ్మగార్లు కలిసి వెళ్ళండి, ఆడవాళ్ళు ఉంటే గడప లోపలికి రానిస్తారు, ఇది మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. వెళ్ళి ఉపన్యాసం ఇవ్వొద్దు. కూర్చోండి, నీళ్ళు ఇస్తే తాగండి, చనిపోయిన వాడి ఫోటో చూపిస్తే చూడండి, వాళ్ళు చెప్పేది వినండి, అడిగితే ప్రార్థన చేయండి. అటు నుంచి నేరుగా రెండో ఇంటికి వెళ్ళి అదే చేయండి. మీరు ఎక్కడి నుంచి వస్తున్నారో దాచొద్దు. పోలీసు కేసు గురించి, పొలం గట్టు గురించి తీర్పులు మీరు చెప్పొద్దు, దానికి కోర్టులున్నాయి. ఆదివారం రోజు ఆరాధన మాత్రం ఏ వర్గం వీధిలోనూ కాకుండా హైస్కూల్ గ్రౌండులోనో కల్యాణమండపంలోనో పెట్టుకుందాం, వేదిక మీద ఏ పార్టీ నాయకుడికీ కుర్చీ వద్దు, బల్ల ఒక్కటే, తలుపు ఒక్కటే.

మీ పాస్టర్ల సహవాసం కూడికలో, డిసెంబరులో క్రిస్మస్ హడావుడి మొదలయ్యేలోపే, ఈ సంగతి ఎజెండాలో పెట్టండి. ఒప్పుకోని వాళ్ళు ఉంటే ఎందుకు ఒప్పుకోరో అక్కడే చెప్పనివ్వండి, ఆ భయాలు విందాం. పత్తికొండ, ఆలూరు, జమ్మలమడుగు, ధర్మవరం వైపు నుంచి ఒక్కో సంఘం ముందుకొచ్చినా మొదటి ఏడాదికి చాలు. గద్వాల వైపు మా మేనమామ వాళ్ళ సంఘంలో మంచి పాటల బృందం ఉంది, వాళ్ళను పిలవడానికి నేను వెళ్ళి మాట్లాడతాను, వాళ్ళ ప్రయాణం ఖర్చు, ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు మా కుటుంబం చూసుకుంటుంది. తేదీ, చోటు మీరు ఖాయం చేసి చెప్పండి.

మీ సహోదరుడు,
కర్నూలు